గ్రౌటు ఫ్లోటు

గ్రౌటు ఫ్లోటు అనునది నేలపైన గాని గోడపైన గాని పరచిన టైల్సు మధ్య సందులలోకి గ్రౌటును ఒత్తి నింపుటకు, ఆ తరువాత టైల్సుపై మిగిలిన గ్రౌటును గీకి తీయుటకు ఉపయోగించే చేతి పనిముట్టు. దీర్ఘచతురస్రాకారపు పలక, దాని అడుగున రబ్బరు పొర, పైన పిడి దీని ముఖ్య భాగాలు. గోడల పూతపనిలో వాడే వెడల్పాటి ఇనుప తాపీని ఇది పోలి ఉంటుంది. ఐతే దీని అడుగుభాగం లోహం కాక రబ్బరు కావడం దీని ప్రత్యేకత.

భూమట్టానికి దిగువన ఉండే చెమ్మ గదులలో టైల్సు పరచునప్పుడు ఈ పనిముట్టు ఎంపికకు ప్రాముఖ్యం హెచ్చు. మేడమీద గదిలో సందు సగమే నిండినా కొన్నేళ్ళపాటు ఎవరి కంటా పడకపోవచ్చు. సెల్లారులో అదే లోపం తొలి వర్షాకాలంలోనే బయటపడవచ్చు. ఈ వ్యాసం ప్రధానంగా అటువంటి గదులను దృష్టిలో ఉంచుకొని వ్రాయబడింది.

పేరు, వాడుక

ఈ పనిముట్టుకు తెలుగులో స్థిరపడిన పేరు లేదు. తాపీపనివారితో "రబ్బరు తాపీ" అన్నా అర్థమవుతుంది. దుకాణాలలో "గ్రౌట్ ఫ్లోట్" అని అడగడమే సులభం. "స్పాంజి ఫ్లోటు" అని అడిగితే వేరే వస్తువును ఇస్తారు. దానిని గురించి దిగువన చెప్పబడింది.

ఇంకొక మాట విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఇంగ్లీషు పుస్తకాలలో "బేస్‌మెంట్" అనగా భూమి లోపలి అంతస్తు. తెలుగునాట మేస్త్రీల వాడుకలో మాత్రం "బేస్‌మెంటు" అంటే పునాదిపైన, నేలమట్టం నుండి ఇంటి అరుగు వరకు లేచే కట్టడం. భూమి లోపలి అంతస్తును మనవారు "సెల్లారు" అంటారు. ఇంగ్లీషు సూచనలు చదివి మేస్త్రీకి పని అప్పగించేవారు ఈ భేదాన్ని గుర్తుంచుకొనవలెను. ఈ వ్యాసంలో సెల్లారు అనే పదమే వాడబడింది.

చెమ్మ గదిలో సందు ప్రాముఖ్యం

సెల్లారు గోడలకు, నేలకు వెలుపలి వైపున మట్టి ఆనుకొని ఉంటుంది. ఆ మట్టిలోని తేమ కాంక్రీటులోని సన్నని రంధ్రాల ద్వారా లోపలికి ప్రాకుతుంది. పాఠశాల భౌతికశాస్త్రంలో కేశనాళికీయత అని చదువుకొనే ధర్మమే దీనికి కారణం. నాళిక ఎంత సన్నగా ఉంటే నీరు అంత ఎత్తుకు ఎక్కుతుంది. ఒక మిల్లీమీటరు వ్యాసార్ధం గల గొట్టంలో నీరు 1.5 సెంటీమీటర్లు మాత్రమే ఎక్కగా, అందులో నూరవ వంతు, అనగా 0.01 మి.మీ. వ్యాసార్ధం గల రంధ్రంలో సిద్ధాంతరీత్యా సుమారు 1.5 మీటర్లు ఎక్కగలదు. భూగర్భజలం నేలమట్టం కన్నా పైకి వచ్చిన చోట దీనికి నీటి ఒత్తిడి కూడా తోడవుతుంది. ప్రతి మీటరు నీటి ఎత్తుకు చదరపు మీటరుకు దాదాపు ఒక టన్ను ఒత్తిడి ఉంటుంది.

ఇట్లు వచ్చిన తేమకు విట్రిఫైడ్ టైలు గుండా దారి లేదు. దాని నీటి పీల్పు 0.5 శాతానికి మించదు. కావున తేమ అంతా సందుల వైపే మళ్ళుతుంది. సిమెంటులోని కాల్షియం హైడ్రాక్సైడు ఆ తేమలో కరిగి పైకి చేరి, గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి కాల్షియం కార్బొనేటుగా మారుతుంది. సందుల వెంట కనిపించే తెల్లని ఉప్పుపూతకు ఇది ఒక కారణం. మట్టిలోని లవణాలు కూడా ఇట్లే పైకి వస్తాయి. తడి ఆరని సందులలో నల్లని బూజు పట్టుతుంది.

సందు పూర్తిగా నిండనిచో నష్టం ఎంతో లెక్క వేసి చూడవచ్చును. 300 మి.మీ. చదరపు టైల్సును, 8 మి.మీ. మందంతో, 3 మి.మీ. సందు వదలి పరచినామనుకొందాము. టైలు పొడవు, వెడల్పుల మొత్తాన్ని వాటి లబ్ధంతో భాగించి, సందు వెడల్పుతోను మందంతోను గుణించవలెను. 600ను 90,000తో భాగించి 3తోను 8తోను గుణిస్తే 0.16 వస్తుంది. అనగా చదరపు మీటరుకు 0.16 లీటరు గ్రౌటు పట్టును. ఫ్లోటు సరిగా ఒత్తక సందులో సగమే నిండితే 50 చదరపు మీటర్ల గదిలో నాలుగు లీటర్ల ఖాళీ మిగులుతుంది. పైకి మాత్రం సందులన్నీ నిండినట్లే ఉంటాయి. లోపలి ఖాళీలు ఒకదానితో ఒకటి కలిసి సన్నని కాలువల వలె పనిచేస్తాయి. ఒక మూల చేరిన నీరు మరొక మూల పైకి వస్తుంది. అప్పుడు నీరు ఎక్కడ నుండి వస్తున్నదో కనుగొనడం కష్టం. చెమ్మ గదిలో ఫ్లోటు చేయవలసిన అసలు పని ఈ ఖాళీని లేకుండా చేయుటయే. పైన నున్నగా కనబడేటట్లు చేయడం రెండవ పని.

టైల్సుకు నీటితో వైరం కొత్తది కాదు. హైదరాబాదులోని బాద్‌షాహీ అషూర్‌ఖానాలో కుతుబ్‌షాహీల కాలపు రంగుటైల్సు పని నేటికీ చూడవచ్చును. 1908 మూసీ వరదలో అక్కడ దెబ్బతిన్నవి గోడల క్రింది భాగాలే.

ఫ్లోటు చేయలేని పని

గ్రౌటు జలనిరోధకం కాదు. టైలు కూడా, ఎంత గట్టిదైనా, జలనిరోధక వ్యవస్థ కాదు. నీరు కారే గోడకు, ఊరే నేలకు టైల్సు వేసి కప్పిపుచ్చడం మన పట్టణాలలో పరిపాటి అయినది. అట్టి చోట ఎంత ఖరీదైన ఫ్లోటు, గ్రౌటు వాడినా ఫలితం ఉండదు. ముందు సంపు కారుతున్నదా, మురుగు గొట్టం పగిలినదా, వాననీరు గోడ ప్రక్కనే ఇంకుతున్నదా అన్నది చూడవలెను. భూమి లోపలి కట్టడాలను నీటి నుండి కాపాడుటకు సంబంధించిన బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 8102 మూడు పద్ధతులను చెబుతుంది. అవి అడ్డుపొర వేయడం, కాంక్రీటునే నీరు చొరనట్లు కట్టడం, వచ్చిన నీటిని కాలువ ద్వారా సేకరించి బయటకు తోడడం. వీటిలో ఏదీ టైల్సు పనివాని చేతిలో లేదు.

చెమ్మ ఉన్నదో లేదో తెలుసుకొనుటకు సులభమైన పరీక్ష ఒకటి కలదు. దాదాపు 45 సెం.మీ. చదరపు పారదర్శక ప్లాస్టిక్ కాగితాన్ని కాంక్రీటు నేలపై పరచి, నాలుగు అంచులనూ టేపుతో గాలి చొరకుండా అంటించి, కనీసం 16 గంటలు వదలవలెను. తీసి చూచినప్పుడు కాగితం అడుగున నీటి బిందువులు గాని, కాంక్రీటుపై నల్లబడిన మచ్చ గాని ఉంటే తేమ పైకి వస్తున్నదని అర్థం. ఇది అమెరికాకు చెందిన ఏఎస్‌టీఎం డి 4263 పద్ధతి. తేమ ఎంత అన్నది ఇది చెప్పదు. పరీక్షను మే నెలలో చేసి సంతోషించరాదు. హైదరాబాదు వంటి చోట్ల రాతిపైని శిథిలపొరలో వర్షాకాలపు నీరు నిలుస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాలలో కాలువలకు నీరు వదలిన తరువాత భూగర్భజలం పైకి వస్తుంది. సెప్టెంబరు, అక్టోబరు మాసాలలో చేసిన పరీక్షే నమ్మదగినది.

నిర్మాణం

సాధారణ ఫ్లోటు సుమారు 24 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు ఉంటుంది. మూలలకు, గొట్టాల వెనుకకు, మెట్ల ప్రక్కలకు 15 సెం.మీ. పొడవు, 5 సెం.మీ. వెడల్పు గల చిన్నది కూడా దొరుకుతుంది. సెల్లారులో సంపు మూత చుట్టూ, లిఫ్టు గుంట దగ్గర, మోటారు గదిలో పెద్ద ఫ్లోటు తిరగదు. కావున రెండూ ఉండుట మేలు.

రబ్బరుకు వెనుక ప్లాస్టిక్, అల్యూమినియం లేదా చెక్క పలక ఉంటుంది. రబ్బరుకు, పలకకు మధ్య కొన్నింటిలో స్పాంజి వంటి మెత్తని పొర కూడా ఉంటుంది. ఆ పొర చేతి ఒత్తిడిని సమంగా పంచుతుంది. ఐతే బలంగా ఒత్తవలసి వచ్చినప్పుడు ఆ ఒత్తిడిని తానే మింగివేస్తుంది. చెక్క పలక, చెక్క పిడి చేతికి హాయిగా ఉన్నా, సెల్లారులో తడిసి ఉబ్బి రబ్బరు ఊడిపోవు అవకాశం ఎక్కువ.

రబ్బరు రకాలు, ఎంపిక

రబ్బరు గట్టిదనాన్ని షోర్ కొలమానంతో కొలుస్తారు. రబ్బరుకు వాడే షోర్ ఏ మానంలో అంకెలు 0 నుండి 100 వరకు ఉంటాయి. అంకె పెరిగిన కొద్దీ గట్టిదనం పెరుగుతుంది. చౌక ఫ్లోటులపై ఈ అంకె ముద్రించరు కనుక కొనేవాడు చేతితో పరీక్షించుకొనక తప్పదు.

మెత్తని రబ్బరు ఫ్లోటు ఎత్తుపల్లాల మీద వంగి సర్దుకుంటుంది. నునుపైన గోడటైల్సుకు, 3 మి.మీ. కన్నా సన్నని సందులకు, ఇసుక కలపని గ్రౌటుకు ఇది బాగుంటుంది. మెరుగు పెట్టిన చలువరాయిని గీతలు పడకుండా కాపాడుతుంది. దీని లోపం వెడల్పు సందులలో కనిపిస్తుంది. రబ్బరు సందులోకి వంగి, నింపిన గ్రౌటును తానే తోడివేస్తుంది. ఫలితంగా సందు మధ్యలో పల్లం ఏర్పడుతుంది. పొడి గదిలో ఆ పల్లం చూపుకు అందంగానే ఉండవచ్చును. చెమ్మ గదిలో మాత్రం నేల కడిగిన నీరు అందులోనే నిలిచి బూజుకు ఇల్లవుతుంది.

గట్టి రబ్బరు ఫ్లోటు వంగదు. చేతి బలం నేరుగా సందు అడుగుకు చేరుతుంది. 3 మి.మీ., అంతకు మించిన సందులకు ఇసుక కలిసిన గ్రౌటు వాడుతారు. ఆ ఇసుకరేణువులను దగ్గరగా కూర్చుటకు ఈ ఒత్తిడి అవసరం. సెల్లారు నేలకు సాధారణంగా ఎంచుకొనవలసినది ఇదే. నేలటైల్సుకు ఒకే ఒక ఫ్లోటు కొనదలచినవారు గట్టి రబ్బరుదే కొనుట ఉత్తమం. చేతికి శ్రమ ఎక్కువని పనివారు దీనిని ఇష్టపడకపోవచ్చును.

ఎపాక్సీ గ్రౌటుకు ఇంకను గట్టి రబ్బరు, పదునైన అంచు కలిగిన ప్రత్యేక ఫ్లోటు వాడవలెను. ఎపాక్సీ జిగురుగా, లాగినట్లు ఉంటుంది. మెత్తని రబ్బరు దానిపై జారిపోతుంది. పైగా గట్టిపడిన ఎపాక్సీ నీటితో పోదు. టైలుపై వదలిన పలుచని పొర కూడా శాశ్వతమైన మరకగా మిగులుతుంది. కావున గీకి తీసే శక్తి ఇక్కడ ప్రధానం. యూరపు ప్రమాణం ఈఎన్ 13888 సిమెంటు గ్రౌటులను సీజీ, ఎపాక్సీ వంటి రెసిన్ గ్రౌటులను ఆర్జీ అనే గుర్తులతో వేరు చేస్తుంది. సీజీ2 తరువాత డబ్ల్యూ అక్షరం ఉంటే ఆ గ్రౌటు నీటిని తక్కువగా పీల్చునని అర్థం. సంచిపై ఈ గుర్తులు చూచి, ఆ తరువాత ఫ్లోటు కొనుట సరియైన క్రమం.

చెమ్మ గదికి ఎపాక్సీయే శ్రేష్ఠమని అమ్మేవారు చెప్పుట కలదు. ఇది సగమే నిజం. పైనుండి పడే నీటికి, మరకలకు, బూజుకు అది మంచి సమాధానం. కాని క్రింది నుండి తేమ ఊరే నేలపై విట్రిఫైడ్ టైల్సు పరచి, సందులు కూడా ఎపాక్సీతో మూసివేసినచో తేమకు నేలలో దారి ఉండదు. అది ప్రక్కకు మళ్ళి గోడల అడుగున పూతను ఉబ్బించి రాల్చవచ్చు. తేమ మూలాన్ని ఆపిన తరువాతనే ఎపాక్సీ మాట తలపెట్టవలెను. అది నింపే సమయానికి సందులు పొడిగా ఉండవలెనన్న నియమం కూడా చెమ్మ సెల్లారులో తేలికైనది కాదు.

స్పాంజి ఫ్లోటు వేరొక పనిముట్టు. దీని అడుగున రబ్బరుకు బదులు రంధ్రాల స్పాంజి ఉంటుంది. పూతపనికి, గ్రౌటు నింపిన తరువాత టైల్సు తుడుచుటకు పనికివస్తుంది. దీనితో గ్రౌటు నింపరాదు. స్పాంజి గ్రౌటులోని నీటిని పీల్చి, మరల వేరొక చోట వదలుతుంది.

నాపరాళ్ళు పరచిన సెల్లార్లు తెలుగునాట చాలా కలవు. తాండూరు, బేతంచెర్ల బండల అంచులు టైల్సు అంత తిన్నగా ఉండవు. సందు ఒకచోట సన్నగా, ఒకచోట వెడల్పుగా ఉంటుంది. గరుకు బండపై రబ్బరు అంచు త్వరగా అరుగుతుంది. ఇటువంటి పనికి రబ్బరు మందంగా ఉన్న గట్టి ఫ్లోటును తీసుకొని, అరిగిన వెంటనే మార్చవలెను.

దుకాణంలో పరీక్ష

రబ్బరు అంచును బొటనవ్రేలితో ఒత్తి చూడవలెను. సులభంగా మడతపడితే అది మెత్తనిది. ఫ్లోటును చదునైన గాజుపలకపైన గాని కౌంటరుపైన గాని ఉంచి అంచు వద్ద వెలుతురు కనబడుతున్నదేమో చూడవలెను. వంకర ఉన్నది పనికిరాదు. రెండు మూలలు కోణంగానూ, రెండు మూలలు గుండ్రంగానూ ఉన్న రకం మంచిది. కోణపు మూల గోడ దగ్గరకు చేరుతుంది, గుండ్రని మూల గ్రౌటులో గీత వేయదు. నల్ల రబ్బరు ఫ్లోటును లేతరంగు టైలుపై ఒకసారి రుద్ది, మరక పడుతున్నదేమో చూచుకొనవలెను. రంగును బట్టి గట్టిదనాన్ని నిర్ణయించరాదు. ఒక తయారీదారు ఆకుపచ్చ వేరొకరి ఆకుపచ్చ వంటిది కాదు.

వాడే విధానం

టైల్సు పరచిన పిదప కనీసం 24 గంటలు ఆగవలెను. చెమ్మ సెల్లారులో విట్రిఫైడ్ టైలు అడుగున అడెసివ్ నెమ్మదిగా ఆరుతుంది కనుక ఇంకొకటి రెండు రోజులు ఆగుట మేలు. సందులోకి పొంగిన అడెసివ్‌ను టైలు మందంలో కనీసం మూడింట రెండు వంతుల లోతు వరకు గోకి తీయవలెను. ఈ పని చేయనిచో గ్రౌటుకు చోటే ఉండదు. ఫ్లోటు ఎంత మంచిదైనా నిరుపయోగం.

సిమెంటు గ్రౌటులో నీరు సంచిపై చెప్పిన మేరకే కలపవలెను. నీరు ఎక్కువైన కొద్దీ బలం తగ్గునని డఫ్ ఏబ్రమ్స్ 1918లో కాంక్రీటు విషయమై ప్రకటించిన సూత్రం గ్రౌటుకూ వర్తిస్తుంది. ఎక్కువైన నీరు ఆరిపోయిన చోట రంధ్రాలు మిగులుతాయి. పైన చెప్పిన కేశనాళికలు ఇవే. పలుచని వైట్ సిమెంటు నీళ్ళను నేలపై పోసి చీపురుతోనో గుడ్డతోనో సందులలోకి తోయడం మన దగ్గర తరచుగా కనిపించే పద్ధతి. వేగంగా సాగుతుంది, ఫ్లోటు అవసరం లేదు. చెమ్మ గదికి ఇంతకన్నా చెడ్డ పద్ధతి ఉండదు.

ఫ్లోటును నేలకు 45 డిగ్రీల వాలులో పట్టి, గ్రౌటును సందులకు ఐమూలగా తోస్తూ గట్టిగా ఒత్తవలెను. ఒకే దిశలో కాక రెండు మూడు దిశల నుండి ఒత్తితే గాలి బయటకు పోతుంది. పిమ్మట ఫ్లోటును దాదాపు నిలువుగా లేపి, అంచుతో, మరల ఐమూలగానే గీకవలెను. సందు వెంట తిన్నగా గీకినచో అంచు లోపలికి దిగి గ్రౌటును లేపివేస్తుంది. ఒకసారికి ఒకటి రెండు చదరపు మీటర్లకు మించి నింపకుండుట మంచిది.

తరువాత తుడుపు. పొడి గదిలో 10 నుండి 20 నిముషాలలో తుడువవచ్చును. సెల్లారు గాలిలో తేమ ఎక్కువ కావున గ్రౌటు ఆలస్యంగా గట్టిపడుతుంది. గడియారాన్ని కాక వ్రేలిని నమ్మవలెను. వ్రేలితో నొక్కితే గుంట పడకుండా ఉన్నప్పుడు తుడుపుకు సమయమైనదని గుర్తు. స్పాంజిని పిండి, చేతికి నీరు కారని స్థితిలో వాడవలెను. నీరోడే స్పాంజి పైపొరలోని సిమెంటును కడిగివేసి, రంగు వెలిసిన, మెత్తని సందును మిగులుస్తుంది. వేసవిలో పీల్చే గుణం ఉన్న సిరామిక్ టైల్సు సందులను ముందుగా తడుపుట వాడుక. చెమ్మ సెల్లారులో ఆ అవసరం రాదు.

నేల, గోడ కలిసే మూలలో గ్రౌటు నింపరాదు. అక్కడ రెండు తలాలు వేర్వేరుగా కదులుతాయి. కదలికకు వంగే సీలెంటునే వాడవలెను. పెద్ద నేలలలో కూడా ఇటువంటి కదలిక సందులు ఉండవలెను. ఉత్తర అమెరికా టైల్ కౌన్సిల్ సూచనల ప్రకారం తేమకు లోనగు నేలలలో ప్రతి 8 నుండి 12 అడుగులకు ఒకటి వదలవలెను. ఫ్లోటుతో పనిచేయువాడు తొందరలో వీటిని కూడా గ్రౌటుతో నింపివేయుట తరచుగా జరుగుతుంది. ముందుగానే వాటిని టేపుతో గాని, థర్మోకోలు ముక్కలతో గాని మూసి ఉంచుట తెలివైన పని.

పనివారి ఆరోగ్యం

తడి సిమెంటు తీవ్రమైన క్షారం. దాని పీహెచ్ విలువ 12 పైబడి ఉంటుంది. ఫ్లోటు లేక వ్రేళ్ళతోనో, పాత చెప్పు ముక్కతోనో సందులు నింపే పనివారి చేతులు పగిలి, పుండ్లు పడడం ఎరుగని తాపీ కుటుంబం ఉండదు. సిమెంటులో ఉండే షడ్వలెంట్ క్రోమియం చర్మవ్యాధికి మరొక కారణం. యూరపు దేశాలలో 2005 నుండి దీనిని నీరు కలిపిన స్థితిలో దశలక్షకు రెండు భాగాలకు మించకుండా పరిమితం చేసినారు. ఎపాక్సీ కూడా చర్మానికి పడదు. ఒకసారి పడనితనం ఏర్పడితే జీవితాంతం ఉండవచ్చును. కావున ఫ్లోటుతో పాటు రబ్బరు తొడుగులు కొనిచ్చుట ఇంటి యజమాని బాధ్యతగా భావించవలెను. ఫ్లోటు ధర ఒక టైలు ధరకు అటూ ఇటూగా ఉంటుంది. ఈ ఖర్చు దగ్గర లోభించుట తగదు.

సెల్లారులో గాలి ఆడదు. పొడి గ్రౌటు కలుపునప్పుడు లేచే ధూళిలో ఊపిరితిత్తులకు హాని చేసే సిలికా ఉంటుంది. కలుపుడు పనిని వెలుపల చేసి, తయారైన గ్రౌటును బకెట్టులో క్రిందికి దించుట మంచిది. తడి నేలపై విద్యుత్తు తీగలు, మోటార్లు ఉన్న గదిలో ముందుగా ఆ సరఫరాను నిలిపివేయవలెను. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులో అనేక సెల్లార్లు నీట మునిగినవి. అట్లు మునిగిన గదిలో నీరు తోడిన మరునాడే టైల్సు పని మొదలుపెట్టరాదు. నేల, గోడలు ఆరుటకు వారాలు, ఒక్కొక్కసారి నెలలు పట్టును.

నిర్వహణ

పని ముగిసిన వెంటనే ఫ్లోటును బకెట్టు నీటిలో కడుగవలెను. అంచుపై గ్రౌటు ఎండితే మరుసటి పనిలో అది టైలును గీరుతుంది. కడిగిన నీటిని మురుగు కాలువలో పోస్తే అడుగున సిమెంటు గడ్డకడుతుంది. తేరనిచ్చి, పైనీటిని వేరు చేసి, మిగిలిన మడ్డిని ఎండబెట్టి పారవేయవలెను. ఎపాక్సీకి వాడిన ఫ్లోటును మరల సిమెంటు గ్రౌటుకు వాడకుండుట మేలు.

సహజ రబ్బరు ఎండకు, నూనెలకు, ద్రావకాలకు చెడిపోతుంది. డాబాపై ఎండలో పడవేసిన ఫ్లోటు కొద్దికాలంలోనే బీటలు వారుతుంది. అంచు కొద్దిగా అరిగినప్పుడు, చదునైన బల్లపై పరచిన గరుకు కాగితంపై రుద్ది తిన్నగా చేయవచ్చును. రబ్బరు పలక నుండి లేచినచో జిగురుతో అతికించి వాడుట వృథా. ఒత్తినప్పుడు అది మరల అక్కడనే విడిపోతుంది.